పోయేముందు మొక్కు తీర్చుకో అల్లుడా

అల్లుడా, నువ్వు ఉద్యోగం బంద్ వెట్టి హైదరాబాద్‌ల సీరియళ్లల్ల చేస్తానికి పోతున్నవని అక్క ఫోన్ల ఏడ్సింది. ఏడ్వకే అని చెప్పిన గని నాకూ నిద్రపట్టలే. హన్మకొండల నువ్వు ముసలోని వేషం కట్టిన్నాడు అందరికన్న గట్టిగ చప్పట్లు కొట్టింది నేనే, నీకే చెప్పలే.

ఫొటోలు గడ్డంతోని, గడ్డం లేకుండ రెండు తీర్ల తీయించుకో. రూం కృష్ణానగర్ల చూస్కో, సీరియళ్ల మేనేజర్లు అక్కడ్నే తిరుగుతుంటరు. వేషం ఇప్పిస్త పైసలు తే అన్నోనికి దండం పెట్టి లేచిరా. చేసిన పనికి పైసలు వెంటనే రావు, నెలలు పడ్తది, కిరాయికి దాచుకో. కోట శ్రీనివాసరావు గారంతటోడే స్టేట్ బ్యాంకు నౌకరి చేసుకుంట నాటకాలేసిండు, నువ్వేమో ముందుగాల్నే రాజీనామా ఇచ్చినవ్, ఏమనాలె నిన్ను. యాస గురించి ఫికర్ చెయ్యకు, 2023ల మన సిరిసిల్ల వేణు ఎల్దండి తీసిన బలగం సినిమా మొత్తం మన మాటనే కదా, కాకపోతే సీరియళ్లల్ల మాట్లాడే తీరు గూడ నేర్చుకో.

అసలు ముచ్చట జుట్టుది. మా నాటకాల దోస్తు ఒకడుండె, పేరెందుకులే, డైలీ సీరియల్ల బాబాయి వేషం దొరికింది, బస్సుల జనం బాబాయి అని పిల్సి సీటిచ్చేటోళ్లు. సీరియల్ల సీన్లు వరుసగ తియ్యరు, గేటు కాడ కొట్లాట ఇయ్యాల తీస్తే అదే కొట్లాట హాల్ల వారం తర్వాత తీస్తరు. వీడు ఆ వారంల ఎవ్వలికి చెప్పకుండ వేములవాడ పోయి గుండు కొట్టించుకొనొచ్చిండు. గేటు బయట నిండు జుట్టు, గడప దాటంగనే గుండు! విగ్గు పెట్టి చూసిండ్రు, కాకిగూడు లెక్క అయింది. డైరెక్టర్ ఒక్క మాట అనలే, చాయ్ తాపి కూసోబెట్టిండు, పొద్దుమీకి మేనేజర్ ఫోన్ చేస్తం పొమ్మన్నడు. కథల బాబాయి అమెరికా పోయిండు, కొన్నాళ్లకు ఫొటోకు దండేసిండ్రు. అది టీవీల జూసి వాళ్లమ్మ ఒకటే ఏడుపు, వీడు రాత్రికి రాత్రి కాజీపేటల దిగి నేను మంచిగనే ఉన్ననే అని కండ్ల ముందట నిలవడాల్సొచ్చింది.

నువ్వేమో నెలకోతీరు మీసం పెడ్తవ్, ఇగ అవన్ని బంద్. సీన్ అయినంక గడియారం ఏ చేతికుందో, బొట్టు ఎట్లుందో ఫోన్ల ఫొటో కొట్టుకో.

ఇగ నీ టైఫాయిడ్ నాడు అక్క వేములవాడ రాజన్నకు మొక్కిన తలనీలాలు ఇంకా బాకీనే ఉన్నయి. మళ్ల సీరియల్ నడుమ ఆమెకు యాదికొస్తదని నా భయం, కాదనలేవు నువ్వు, అమ్మ మాట జవదాటవని నాకెర్కనే. సోమారం రష్ ఉంటది, మంగళారం పోదాం, బండి నేను మాట్లాడుత. జుట్టు పెరిగినంకనే హైదరాబాద్ పో, అప్పటిదాంక ఇంట్ల బువ్వ తిను. గుండు మీద గూడ రెండు ఫొటోలు దిగు, పంతులు వేషాలకు అడుగుతరు, ఖర్చు నాది.

మామ