స్పర్ గేర్ కొత్తదే, అయినా పళ్లు ఎందుకు పోతున్నాయి?

ప్రశ్న: అసలు బండిలో పదో వంతు (1/10) సైజు ఎలక్ట్రిక్ ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) ట్రక్కు, బెంగళూరులో నడుపుతున్నాను. ప్లాస్టిక్ స్పర్ గేర్ (మోటార్ తిప్పే పెద్ద గేర్) మార్చిన రెండు వారాలకే మళ్లీ పళ్లు లేచిపోయాయి. తప్పెక్కడ?

జవాబు: ముందు పినియన్ (మోటార్ షాఫ్ట్ మీది చిన్న గేర్) చూడండి. దాని పళ్లు సూదిగా అరిగి ఉంటే కొత్త స్పర్‌ని రంపంలా కోస్తుంది. రెండూ కలిపే మార్చాలి. పిచ్ (పళ్ల సైజు) కూడా ఒకటే కావాలి. 48 పిచ్, 0.6 మాడ్యూల్ (పళ్ల సైజుకి మరో కొలత) చూడ్డానికి దగ్గరగా ఉంటాయి గానీ కలవవు.

ఎక్కువసార్లు దెబ్బతీసేది మాత్రం పళ్ల మధ్య సందు. బ్యాటరీ తీసేసి, మోటార్ స్క్రూలు రెండూ వదులు చేయండి. పల్చటి నోటుబుక్ కాగితం ముక్కను గేర్ల మధ్య పెట్టి, మోటార్‌ను స్పర్‌కి ఆనించి స్క్రూలు బిగించండి. కాగితం మడతలు పడి రావాలి, చిరగకూడదు. తర్వాత పినియన్ కదలకుండా పట్టుకుని స్పర్‌ని ఆడిస్తే అతి కొద్దిగా కదలాలి. ప్లాస్టిక్ గేర్ అచ్చంగా గుండ్రంగా ఉండదు కనుక నాలుగుచోట్ల తిప్పి చూడాలి. బిగుతైతే మోటార్ వేడెక్కుతుంది, వదులైతే పళ్లు ఎగిరిపోతాయి.

పినియన్‌ని పట్టి ఉంచే గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) షాఫ్ట్ చదును భాగం మీదే కూర్చోవాలి. దానికి నీలం థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క చాలు. అది ప్లాస్టిక్‌కి తగిలితే పగుళ్లు రావచ్చు. హెక్స్ కీ (ఆరు పలకల కీ) అరిగిపోయి ఉంటే ఎస్పీ రోడ్డు దుకాణాల్లో మంచిది కొనుక్కోండి, స్క్రూలోని కీ గుంట పాడయ్యాక తీయడం నరకం.

స్లిప్పర్ క్లచ్ (భారం ఎక్కువైతే జారి గేర్లను కాపాడే భాగం) ఉంటే నట్టు పూర్తిగా బిగించకండి. గేర్ కవర్ తప్పనిసరి, పళ్లు పాడవడానికి ఒక్క ఇసుక రేణువు చాలు.