సిగరెట్టు మానడానికి ఖైనీ పట్టిన మేనల్లుడికి

చి. కిరణ్‌కి,

మీ మేనత్త ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు చెప్పినదానికి అప్పటికప్పుడు నేనేమీ అనలేదు. పక్కనే మీ నాన్న ఉన్నాడు. వాడి ముందు సిగరెట్టు ఊసెత్తితే మాట ఎటు పోతుందో నీకూ తెలుసు. అందుకే తీరిగ్గా రాస్తున్నా. తిట్టడానికి కాదురా. రోజుకో పెట్టె ఊదేసేవాడివి సిగరెట్టు ముట్టకుండా ఉన్నానన్నావు. అది చిన్న విషయం కాదు, ఆ పట్టుదల నాకు నచ్చింది. నచ్చనిదల్లా సిగరెట్టును లేపి అదే పీట మీద ఖైనీని కూర్చోబెట్టడం.

"స్వీడన్ వాళ్ళంతా ఇలాగే మానేశారత్తా, వీడియో చూశా" అన్నావు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అక్కడ స్నూస్ అని ఒకటుంది. పొగాకును మెత్తగా పొడి చేసి, పులియబెట్టకుండా ఆవిరి వేడితో శుద్ధి చేసి, ఉప్పూ నీళ్ళూ కలిపి అమ్ముతారు. చిన్న చిన్న సంచుల్లోనూ దొరుకుతుంది. పైపెదవి కింద పెట్టుకుంటారు, ఉమ్మక్కర్లేదు. పులియబెట్టకుండా అలా శుద్ధి చేయడం వల్ల కేన్సర్ తెచ్చే నైట్రోసమైన్లు అందులో బాగా తక్కువ. యూరప్ దేశాల కూటమి 1992లో దాని అమ్మకాన్ని నిషేధించింది. 1995లో స్వీడన్ ఆ కూటమిలో చేరినప్పుడు తన వరకు మినహాయింపు రాయించుకుంది. అక్కడి మగవాళ్ళు చాలామంది సిగరెట్టు వదిలి దీనికి మళ్ళారు. ఊపిరితిత్తుల కేన్సర్ వాళ్ళలో యూరప్‌లో మిగతా చోట్లకంటే తక్కువే. ఆకు కాలితే వచ్చే తారు, కార్బన్ మోనాక్సైడ్ వల్లే ఊపిరికీ గుండెకీ ఎక్కువ దెబ్బ కాబట్టి, కాల్చడం మానితే ఆ మేరకు మేలే. అక్కడిదాకా నీ వీడియోతో నాకు పేచీ లేదు.

కానీ ఆ వీడియో చేసినవాడు మన దేశం కథ చెప్పలేదు. 2016-17లో కేంద్ర ప్రభుత్వం చేయించిన పెద్ద సర్వే ప్రకారం మన పెద్దవాళ్ళలో పొగ తాగేవాళ్ళు 10.7 శాతం. పొగ లేని పొగాకు వాడేవాళ్ళు 21.4 శాతం, అంటే రెండింతలు. పొగ మాని నోట్లో పెట్టుకోవడమే మందైతే మన కేన్సర్ ఆసుపత్రుల్లో నోటి వార్డులు ఖాళీగా ఉండాలి. ఎలా ఉన్నాయో ఒక్కసారి వెళ్ళి చూడు. స్వీడన్ వాళ్ళు వాడేదీ, నీ ఆఫీసు కింద పాన్ డబ్బాలో దొరికేదీ పేరుకి రెండూ పొగాకే. అంతకుమించి పోలిక లేదు.

ఖైనీలో ఏముంటుందో ఆలోచించావా? ఎండబెట్టిన ఆకు, సున్నం. అందులో ఏది ఎంత ఉందో కొలిచి అమ్మేవాడు లేడు. ఆ సున్నం ఊరికే వెయ్యరు. సున్నం తగిలితే ఆకులో నికోటిన్ విడివడి, నోటి లోపలి పొరలోంచి తొందరగా రక్తంలోకి దిగుతుంది. పనిలో పనిగా ఆ సున్నమే పొరను కాల్చేస్తుంది. కాలిన చోటే మళ్ళీ మర్నాడు అదే ముద్ద. ఇక గుట్కా సంగతైతే చెప్పనే అక్కర్లేదు. నిషేధం పెట్టాక పాన్ మసాలా ఒక పొట్లం, జర్దా ఇంకో పొట్లం అమ్ముతున్నారు, కొన్నవాడే అరచేతిలో కలుపుకుంటున్నాడు. "పొగాకు లేని పాన్ మసాలా అయితే ఫర్వాలేదుగా" అని తెలివిగా అడిగేవాళ్ళూ ఉన్నారు. ఫర్వా ఉంది. పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే కేన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం 2004లోనే తేల్చింది.

నేను ఆసుపత్రి ఓపీలో పనిచేసిన రోజుల్లో ఖైనీ వాడేవాణ్ణి ఏ బుగ్గలో పెడతావని అడగాల్సిన పని ఉండేది కాదు. నోరు తెరిస్తే చాలు, కింది చిగురుకీ బుగ్గకీ మధ్య సందులో తెల్లగా ముడతలు పడి, ఉబ్బిన చోటు కనబడేది. మచ్చ ఉన్న వైపే ముద్ద. మా నాయనమ్మ, అంటే నీ తాతమ్మ, చాలామంది మన వైపు ఆడవాళ్ళలాగే అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించి నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి పెట్టుకునేది. అడ్డపొగ వాళ్ళకి జబ్బు అంగిట్లో వస్తుంది, ఖైనీ వాళ్ళకి బుగ్గలో వస్తుంది. ఎక్కడ పెడితే అక్కడే.

ఈ ఉత్తరం చదవడం ఆపి ఇప్పుడే ఒక పని చెయ్యి. అద్దం ముందు నిలబడి నోరు పూర్తిగా తెరువు. నీ మూడు వేళ్ళు, చూపుడు, నడిమి, ఉంగరం, నిలువుగా పళ్ళ మధ్య పడుతున్నాయా? పడకపోతే, లేదా కారం తగిలితే నోరు మండుతుంటే, లేదా రెండు వారాలు దాటినా మానని పుండు, చెరిపినా పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ ఉంటే సిగరెట్టు మాన్పించే గమ్ములూ గిమ్ములూ తర్వాత, ముందు పళ్ళ డాక్టరు దగ్గరికి పో. నీకు ముప్పయ్యేళ్ళేనని ధీమాగా ఉండకు. వక్క నమిలి నోరు బిగుసుకుపోయినవాళ్ళలో నీ ఈడు వాళ్ళని చాలామందినే చూశాను. బిగిసిన నోరు మందుతో మళ్ళీ మామూలుగా అయిపోదు.

సరే, వేళ్ళు పట్టాయనుకుందాం.

అసలు చిక్కు నికోటిన్ దగ్గరుంది. సిగరెట్టు దమ్ము లాగితే అది సెకన్లలో మెదడుకి చేరుతుంది, కాసేపటికి దిగిపోతుంది. ఖైనీలో నెమ్మదిగా ఎక్కుతుంది, ఎక్కినది చాలాసేపు ఉంటుంది. అందుకే నీకు సిగరెట్టు మీద యావ తగ్గినట్టు అనిపించింది. తగ్గింది యావ కాదు, నికోటిన్ ఇంకో దారిలో అందుతోంది. పైగా సిగరెట్టు అయితే కిందికి దిగాలి, వెలిగించాలి, అది అయిపోతుంది. ఖైనీకి ఆ అడ్డే లేదు. మీటింగులో పెట్టుకోవచ్చు, బస్సులో పెట్టుకోవచ్చు, కొందరు పెట్టుకుని నిద్ర కూడా పోతారు. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో నీలా మొదలుపెట్టినవాళ్ళు చివరికి ఎక్కువగా తేలింది ఎక్కడంటే, ఆఫీసులో ఖైనీ, సాయంత్రం సిగరెట్టు. ఒకటి మానబోయి రెండూ.

నికోటిన్ అందుతూనే సిగరెట్టు మానాలనే నీ ఆలోచన తప్పు కాదు. వైద్యం కూడా అదే చేస్తుంది, శుభ్రమైన సరుకుతో. నికోటిన్ గమ్ము, చర్మానికి అంటించుకునే నికోటిన్ పట్టీ మందుల షాపులో దొరుకుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనూ, మన దేశం 2022లోనూ వీటిని అత్యవసర మందుల జాబితాలో చేర్చాయి. "అదీ నికోటినేగా" అంటావు. అవును, నికోటినే. అలవాటు అంటించేది నికోటిన్, కేన్సర్ అంటించేది ఆకు. గమ్ములో ఆకు ఉండదు, ఎంత మోతాదో దాని మీద రాసుంటుంది, ఎప్పుడు ఎంత తగ్గించాలో లెక్క ఉంటుంది. ఖైనీ ముద్దని రెండు మిల్లీగ్రాముల నుంచి ఒకటికి ఎలా తగ్గిస్తావు?

గమ్ము దగ్గర అందరూ చేసే పొరపాటు దాన్ని బబుల్‌గమ్‌లా నమిలెయ్యడం. అలా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోయి ఎక్కిళ్ళు, వికారం, గుండెల్లో మంట. "ఛీ, ఇది నాకు పడలేదు" అని పారేస్తారు. మెల్లగా కొన్ని సార్లు నమలాలి. నాలుక మీద మిరియం తగిలినట్టు చురుక్కుమనగానే ఆపి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి ఊరుకోవాలి. చురుకు పోయాక మళ్ళీ నమలాలి, ఈసారి ఇంకో చోట పెట్టాలి. అలా ఒక గమ్ము అరగంట వస్తుంది. గమ్ము వేసుకునే ముందు పావుగంట, అది నోట్లో ఉన్నంతసేపూ కాఫీ, కూల్‌డ్రింకు, నిమ్మకాయ సోడా వద్దు. నోరు పుల్లగా ఉంటే నికోటిన్ లోపలికి దిగదు. నీళ్ళతో పుక్కిలించి వేసుకున్నా మంచిదే.

ఎన్ని వేసుకోవాలి? మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి. తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకొకటి. ఆ తర్వాత మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకొకటి. మొత్తం పన్నెండు వారాలు. రోజుకి 24 దాటకూడదు, అన్ని ఎవరికీ అక్కర్లేదులే. జనం పిసినారితనంతో రోజుకి రెండో మూడో నమిలి పని చెయ్యలేదంటారు. సిగరెట్టు మీదికి మనసు పోయాక కాదు, పోకముందే వేసుకో. 2 మిల్లీగ్రాములది చీటీ లేకుండా ఇస్తారు, 4 మిల్లీగ్రాములదానికి డాక్టరు చీటీ కావాలి. పొద్దున్న లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్టు వెలిగించేవాడికి 4 అవసరం.

గమ్ము ఒక్కటీ చాలదనిపిస్తే పట్టీ కూడా జత చేసుకోవచ్చు. రెండూ కలిస్తే ఏదో ఒకటి వాడినదానికంటే ఫలితం మెరుగు. రోజుకో పట్టీ, జుట్టు లేని పొడి చర్మం మీద, రోజూ చోటు మార్చి అంటించుకోవాలి. రోజుకి పది సిగరెట్లు దాటి తాగేవాడు 21 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఆరు వారాలయ్యాక 14కి, ఇంకో రెండు వారాలకి 7కి దిగుతాడు. రాత్రిళ్ళు పిచ్చి కలలు వస్తే పడుకునేముందు పీకేసెయ్. వరెనిక్లిన్, బుప్రోపియాన్ అని మాత్రలూ ఉన్నాయి, అవి డాక్టరు చూసి రాయాల్సినవి. నీకు బీపీ మొదలైందని మీ అమ్మ అంది, కాబట్టి ఏది మొదలుపెట్టినా ఒకసారి డాక్టరుకి చెప్పే మొదలుపెట్టు. గమ్ము మొదలెట్టిన రోజే ఖైనీ డబ్బా చెత్తబుట్టలో పడాలి, రెండూ నడపకు.

డల్లాస్‌లో మీ బావ పెదవి కింద పెట్టుకునే తెల్ల సంచుల సంగతి అడిగావు. వాటిలో ఆకు లేదు, నికోటిన్ ఉంది, ఖైనీకంటే నయం. అక్కడి ప్రభుత్వం కొన్నింటిని అమ్ముకోనిచ్చింది. కానీ వాటికి పన్నెండు వారాల లెక్క లేదు. మీ బావ ఏళ్ళ తరబడి పెట్టుకుంటూనే ఉన్నాడు. నువ్వు మానేవాడివి, మార్చుకునేవాడివి కాదు.

ఒక సంగతి ఎవరూ చెప్పరు, విను. సిగరెట్టు పొగ కాఫీలోని కెఫీన్‌ని ఒంట్లోంచి తొందరగా తోలేస్తుంది. పొగ ఆగాక అదే కాఫీ ఒంట్లో చాలా ఎక్కువసేపు ఉంటుంది. అలవాటుగా నాలుగు కప్పులు తాగేవాడికి నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. "సిగరెట్టు మానడం నా ఒంటికి పడలేదు" అనుకుని మళ్ళీ వెలిగిస్తాడు. ఇది నికోటిన్ వల్ల కాదు, పొగ వల్ల, కాబట్టి గమ్ము వేసుకున్నా ఇంతే. కాఫీ, టీ సగానికి తగ్గించెయ్. టీ బండి దగ్గర నిలబడే పని కూడా తగ్గుతుంది, నీ సిగరెట్లలో సగం అక్కడే కాలేవి.

మొదటి వారం చిరాకు గట్టిగా ఉంటుంది, రెండో రోజు, మూడో రోజు మరీను. మీ ఆవిడకి ముందే చెప్పి ఉంచు, కానీ నీ మీద కాపలా పెట్టకు. జేబులు వెతికే పెళ్ళాం, దాచుకునే మొగుడు, ఆ నాటకం నేను చాలా ఇళ్ళలో చూశాను. యావ వచ్చినప్పుడు అయిదు నిమిషాలు గడిస్తే దానంతటదే దిగుతుంది. అంతసేపు నోట్లో ఏదో ఉండాలనిపిస్తే సోంపు, ఏలక్కాయ, ఎండు ఉసిరి ముక్క, ఏదైనా సరే. వక్కపొడి మాత్రం తాకకు, సుగంధి అని రాసున్నా సరే. కడుపు బిగదీస్తుంది, ఆకలి ఎక్కువవుతుంది, కాస్త ఒళ్ళు చేస్తావు. ఆకుకూరలు, నీళ్ళు ఎక్కువ తీసుకో. మందు పార్టీలు ఈ మూడు నెలలు ఎగ్గొట్టు. మానినవాళ్ళలో మళ్ళీ మొదలెట్టినవాళ్ళని అడిగితే ఎక్కువమంది చెప్పేది గ్లాసు చేతిలో ఉన్నప్పటి కథే. ఎక్కడైనా ఒకటి తాగేశావనుకో, అది ఒకటే. పెట్టె కొనకుండా ఇంటికొచ్చి మర్నాడు మామూలుగా గమ్ము వేసుకో.

నాతో చెప్పలేనిది ఏమైనా ఉంటే 1800-11-2356కి ఫోన్ చెయ్యి. డబ్బులు పడవు, తెలుగులోనూ మాట్లాడతారు. నంబరు రాసుకోనక్కర్లేదు, నువ్వు కొన్న సిగరెట్టు పెట్టె మీదా ఖైనీ పొట్లం మీదా బొమ్మ కిందే అచ్చేసి ఉంటుంది.

మీ రిలీజు పని నెలాఖరుకి అయిపోతుందన్నావు కదా, ఆ తర్వాత వచ్చే సోమవారం మొదలుపెట్టు. ఈలోగా పళ్ళ డాక్టరుకి ఒకసారి నోరు చూపించుకో, ఖైనీ సంగతి దాచకుండా చెప్పు. ఆదివారం ఎనిమిదింటికి ఫోన్ చెయ్యి, అప్పటికి మీ మావయ్య వార్తలు చూస్తూ ఉంటారు, మనం మాట్లాడుకోవచ్చు. పొద్దున్న లేచాక ఎంతసేపటికి మొదటిది వెలిగించేవాడివో నిజంగా గుర్తు చేసుకుని చెప్పు. దాన్నిబట్టి రెండా నాలుగా తేలుద్దాం.

మీ అత్తయ్య