వినికిడి లేని తల్లిదండ్రుల నుంచి బిడ్డను వేరు చేయవచ్చా?

ప్రశ్న: నేను, నా భార్య ఇద్దరం పుట్టుకతోనే వినికిడి లేనివాళ్ళం. ప్రొద్దుటూరులో ఉంటున్నాము. నేను బంగారు నగల పని చేస్తాను, ఆమె ఇంట్లో బట్టలు కుడుతుంది. మా బాబుకు ఆరేళ్ళు నిండాయి. వాడికీ వినపడదు. వాణ్ణి మొదటి నుంచి సైగల భాషలోనే పెంచాము. వేసవి సెలవులకని అనంతపురం తీసుకువెళ్ళిన మా అత్తమామలు, అక్కడే మాటలు నేర్పే ఒక ప్రైవేటు బడిలో చేర్చి, తిరిగి పంపడం లేదు. చేతులతో మాట్లాడితే నోరు రాదని ఆ బడిలో సైగలు మాన్పిస్తున్నారు. వీడియో కాల్‌లో వాడు మాతో సైగ చేయబోతే మా అత్త చేతులు పట్టుకుని కిందికి దించేస్తోంది. బడిలో చేర్చడానికి కావాలని చెప్పి మా ఇద్దరితో వంద రూపాయల స్టాంపు పేపరు మీద సంతకాలు పెట్టించుకున్నారు. అందులో పిల్లవాడికి గార్డియన్లు వాళ్ళేనని రాసి ఉన్నట్టు తర్వాత తెలిసింది. కోర్టుకు పోయినా చెవిటివాళ్ళకు పిల్లవాణ్ణి ఇవ్వరని అంటున్నారు. నిజమేనా?
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: నిజం కాదు. తల్లిదండ్రులకు వినికిడి లేకపోతే వారి పిల్లలు వారికి దక్కరని చెప్పే చట్టం మన దేశంలో ఏదీ లేదు. మీరు హిందువులని మీ లేఖను బట్టి భావిస్తున్నాను. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం మైనరు బిడ్డకు సహజ సంరక్షకులు తల్లిదండ్రులే. తాత, అమ్మమ్మ ఎంత ప్రేమగా చూసుకున్నా ఆ జాబితాలో ఉండరు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోని 19వ సెక్షన్, తండ్రి గానీ తల్లి గానీ బతికి ఉండి, అనర్హులని కోర్టు అభిప్రాయపడనంత వరకు, మరొకరిని గార్డియన్‌గా నియమించడానికి వీల్లేదంటుంది. కాబట్టి మీరు పెంచడానికి తగరని రుజువు చేయవలసిన భారం మీ అత్తమామల మీదే పడుతుంది.

స్టాంపు పేపరు గురించి మీరు భయపడవలసినంత లేదు గానీ, దాన్ని అలాగే వదిలేయడం కూడా మంచిది కాదు. ఈ విషయంలో ఇప్పటికీ కోర్టులు తలచుకునే తీర్పు మన సీమ మనిషి వేసిన దావాలోనే వచ్చింది. అప్పట్లో కడప జిల్లాలో ఉండిన మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తిని, ఆయన తమ్ముణ్ణి తండ్రి నారాయణయ్య చదువు కోసం కాగితం రాసి దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షురాలు అనిబిసెంటుకు అప్పగించి, తర్వాత మనసు మార్చుకుని వెనక్కు ఇమ్మని చెంగల్పట్టు జిల్లా కోర్టుకు వెళ్ళారు. 1914లో, బ్రిటిష్ పాలనలో మన దేశపు కేసులకు ఆఖరి అప్పీలు కోర్టు అయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఆ వివాదంపై తీర్పు చెబుతూ, సంరక్షకత్వం ఒక ధర్మకర్తృత్వం వంటిదనీ, తండ్రి బిడ్డ చదువును, పోషణను ఇతరులకు అప్పగించవచ్చు గానీ ఆ అప్పగింతను ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చనీ చెప్పింది. అయితే అదే తీర్పులో ఒక మెలిక కూడా ఉంది: అప్పగించిన తర్వాత కాలం గడిచి, బిడ్డ కొత్త చోట కొత్త బంధాలు పెంచుకుంటే, రద్దు వల్ల వాడికి మేలా కీడా అని కోర్టు చూడవచ్చు. పైగా నారాయణయ్య చివరికి ఓడింది, పిల్లలు అప్పటికి ఇంగ్లండులో ఉన్నందున దావా వేసిన జిల్లా కోర్టుకు అధికార పరిధి లేదన్న కారణంతో. అందువల్ల ఈ వారంలోనే, ఆ కాగితంలోని విషయం మాకు సైగల భాషలో వివరించకుండా సంతకం తీసుకున్నారనీ, ఆ అప్పగింతను రద్దు చేసుకుంటున్నామనీ, బాబును వెంటనే పంపమనీ ఇద్దరూ సంతకం చేసి రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి.

ఇక అసలు విషయానికి వస్తాను. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 9వ సెక్షన్, వైకల్యం కారణంగా దివ్యాంగ బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరు చేయరాదనీ, బిడ్డ మేలు కోరి కోర్టు ఆదేశిస్తే తప్ప అది కుదరదనీ చెబుతుంది. భారతదేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్య సమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడిక 23వ అధికరణం ఇంకా స్పష్టంగా, బిడ్డ వైకల్యం గానీ తల్లిదండ్రుల వైకల్యం గానీ ఆ ఎడబాటుకు కారణం కారాదంటుంది. మీ వకీలు ఈ రెండింటినీ కలిపి చదివి వినిపించాలి. ఎందుకంటే ఆ 9వ సెక్షన్‌లోనే రెండవ భాగం ఉంది. తల్లిదండ్రులు చూసుకోలేని స్థితిలో ఉంటే బిడ్డను దగ్గరి బంధువుల దగ్గర ఉంచమని కోర్టుకు అది చెబుతుంది, అవతలి వకీలు పట్టుకునేది దాన్నే. కాబట్టి వాదన అంతా, వినపడకపోవడం, చూసుకోలేకపోవడం ఒకటి కావని చూపించడం మీదే నడుస్తుంది.

అది మాటలతో కాదు, రుజువులతో చూపించాలి. బాబుకు అర్ధరాత్రి జ్వరం వస్తే మీకెలా తెలుస్తుందని క్రాస్ ఎగ్జామినేషన్‌లో తప్పక అడుగుతారు. వాడు మీ ఇద్దరి మధ్య పడుకుంటాడనీ, చేయి వేస్తే ఒళ్ళు కాలడం తెలుస్తుందనీ, ఎదురింటివారు ఆస్పత్రికి తోడు వస్తారనీ మీకు మామూలుగా తోచే సంగతులు, వినగలిగే జడ్జికి కొత్త. తలుపు దగ్గర గంటకు బదులు వెలిగే బల్బు, కరెంటు పోతే సైగలు కనబడడానికి పక్కన పెట్టుకునే టార్చి లాంటివి మీ ఇంట్లో ఏవి ఉంటే వాటి ఫోటోలు తీయండి. టీకాల కార్డు, అంగన్‌వాడీ కార్యకర్త మాట, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి వెళ్ళి ఉంటే అక్కడి టీచరు రాసిచ్చే కాగితం, బాబు ఇంట్లో మీతో సైగల్లో మాట్లాడుతున్న పాత ఫోను వీడియోలు, అన్నిటికన్నా ముఖ్యంగా చేతులు దించేస్తున్న వీడియో కాల్ రికార్డింగు జాగ్రత్త చేయండి. బాబు ఏమి అడుగుతుంటే ఆ చేతులు ఆగిపోయాయో ఒక్క నిమిషం చూస్తే, భాష ఉన్న పిల్లవాడి నుంచి భాషను లాక్కుంటున్నారని ఎవరికైనా అర్థమవుతుంది.

సైగల భాష వల్ల బాబు వెనుకబడతాడన్న వాదనకు చట్టంలోనే సమాధానం ఉంది. 2016 చట్టం 16వ సెక్షన్, వినికిడి లేని పిల్లలకు వారికి బాగా సరిపోయే భాషలో, పద్ధతిలో చదువు చెప్పాలంటుంది. 31వ సెక్షన్ 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు దగ్గరి బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదివే హక్కు ఇస్తుంది. 2020 జాతీయ విద్యావిధానం భారతీయ సైగల భాషను దేశమంతటా ప్రామాణికం చేస్తామంది. సైగ చేసినందుకు పిల్లలను శిక్షించడం, అవమానించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కిందకు వస్తుంది. ఇక్కడ నా సలహా ఒకటుంది, నచ్చకపోవచ్చు: వినికిడి యంత్రం వద్దు, మాటల శిక్షణ వద్దు అని మాత్రం కోర్టులో అనకండి. రెండూ ఉండవచ్చు, కానీ సైగలు మాన్పించడానికి మాత్రం మేము ఒప్పుకునేది లేదని చెప్పండి. బాబు తిరిగి వచ్చాక ఏ బడికి వెళతాడో కూడా ముందే తేల్చుకోండి. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రీవేంకటేశ్వర బధిర పాఠశాల ఉంది గానీ, ఇంట్లోనే సైగల భాష తెలిసిన తల్లిదండ్రులున్న ఆరేళ్ళ పిల్లవాణ్ణి అంత దూరం పంపేకంటే ఊళ్ళోని బడి, భవిత కేంద్రం మేలని నా అభిప్రాయం.

మీ సాక్ష్యం విషయానికి వస్తే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 125వ సెక్షన్, నోటితో చెప్పలేనివారు రాతతో గానీ సైగలతో గానీ సాక్ష్యం చెప్పవచ్చనీ, కోర్టు ఇంటర్‌ప్రిటర్ (సైగలను మాటల్లోకి, మాటలను సైగల్లోకి మార్చి చెప్పేవారు) సాయం తీసుకుని వీడియో తీయించాలనీ చెబుతుంది. ఇంటర్‌ప్రిటర్‌గా బంధువును తెచ్చుకోవద్దు. కేసులో ఏ ప్రయోజనమూ లేనివారై ఉండాలని 2012లో దర్శన్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 సెప్టెంబరులో బధిర న్యాయవాది సారా సన్నీ అదే సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్ ద్వారా తన వాదన వినిపించారు కాబట్టి, జిల్లా కోర్టులో ఇది కుదరదని ఎవరన్నా నమ్మకండి. కానీ దానంతటది జరగదు, మొదటి వాయిదాకు ముందే పిటిషన్ వేసి అడగాలి. ఇంటర్‌ప్రిటర్ వెనుక కిటికీ ఉంటే వెలుతురుకు చేతులు కనబడవు, ఆ సంగతి జడ్జిగారికి చెప్పడానికి సంకోచించవద్దు. జడ్జి బాబును ఛాంబరులో పిలిచి అడిగితే అక్కడ కూడా ఇంటర్‌ప్రిటర్ ఉండాలని పట్టుబట్టండి. లేకపోతే వాడి మౌనాన్ని అత్తమామల వైపు ఇష్టంగా రాసుకునే ప్రమాదం ఉంది.

నోటీసుకు వారు స్పందించకపోతే, 1890 చట్టం 25వ సెక్షన్ కింద కస్టడీ పిటిషన్ వేయండి. బాబు మామూలుగా నివసించే చోటు ప్రొద్దుటూరు కాబట్టి కేసు కడప జిల్లాలోనే వేయవచ్చు. సెలవులకు తీసుకెళ్ళి ఉంచుకున్నంత మాత్రాన వాడి నివాసం అనంతపురం కాదు, అయితే ఆలస్యమయ్యే కొద్దీ అవతలివారు ఆ మాటే అంటారు. అత్యవసరమైతే హైకోర్టులో హెబియస్ కార్పస్ కూడా ఉంది, అంటే అక్రమంగా ఉంచుకున్న మనిషిని కోర్టు ముందుకు తెప్పించమని కోరే పిటిషన్. తల్లి చనిపోయిన బిడ్డను ఆమె తరఫు బంధువులు ఉంచుకున్న కేసులో, 2019లో సుప్రీంకోర్టు ఆ దారిలోనే బిడ్డను తండ్రికి ఇప్పించింది. లాయరు ఖర్చుకు వెనుకాడవద్దు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. దానికి ఇచ్చిన 15100 నంబరు వినగలిగేవారి కోసం పెట్టింది, మీకు పనికిరాదు. నేరుగా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వైకల్య ధ్రువపత్రాలు తీసుకుని వెళ్ళి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి.

పిటిషన్‌లోనే, సెలవుల్లో, పండుగలకు తాత, అమ్మమ్మ బాబును చూడడానికి మీకు అభ్యంతరం లేదనీ, అయితే వాడితో సైగల్లో మాట్లాడడాన్ని అడ్డుకోరాదనీ ఒక పేరా రాయించండి. రాజీ కుదిరినా అదే షరతును కాగితం మీద పెట్టించుకోండి. ఈసారి సంతకం చేసేముందు ప్రతి వాక్యాన్నీ ఇంటర్‌ప్రిటర్ మీకు వివరించినట్టు కింద రాయించండి.