చివరి వరసలో కుర్చీ

అమ్మలూ,

కమెడియన్లకు మేనేజర్‌గా ఉంటానని, తర్వాత కామెడీ సినిమాలు తీస్తానని నువ్వు రాసిన ఉత్తరం రెండుసార్లు చదివాను. 30 ఏళ్లుగా నేను చేస్తూ వచ్చింది ఆ రెండు పనులే. నువ్వు మొదటే కాంట్రాక్టుల గురించి అడిగావు. అది తర్వాత. ముందు నువ్వు ఎక్కడ కూర్చోవాలో చెబుతాను.

నీ ఆర్టిస్టు స్టేజీ ఎక్కిన ప్రతి రాత్రీ హాల్లో చివరి వరసలో కూర్చో. ముందు కూర్చుంటే అతని మొహమే చూస్తావు. వెనక నుంచైతే జనం కనిపిస్తారు. నిజంగా నవ్వేవాళ్ల భుజాలు ఊగుతాయి, మర్యాదకి నవ్వేవాళ్లవి ఊగవు. ఏ మాట దగ్గర దగ్గులు మొదలయ్యాయో, ఎక్కడ ఫోన్లు బయటికొచ్చాయో రాసుకో. కానీ అతను స్టేజీ దిగీ దిగగానే ఆ కాగితం చేతిలో పెట్టకు. ముందు అన్నం తిననివ్వు. షో బాగా పోని రోజైతే తెల్లారేదాకా ఆగు. అలాగని ‘అదరగొట్టావు’ అని అబద్ధం చెప్పావో, నిజంగా అదరగొట్టిన రోజు కూడా నీ మాట నమ్మడు.

ఎప్పుడూ కలవకపోయినా నేను గురువుగా భావించే మనిషి జాక్ రోలిన్స్. 1915లో పుట్టి నూరేళ్లు బతికాడాయన. న్యూయార్క్‌లో చార్లెస్ జాఫీతో కలిసి మేనేజర్‌గా పనిచేశాడు. తర్వాత సినిమా దర్శకుడైన వుడీ అలెన్ వాళ్ల దగ్గరికి వచ్చింది రచయితగా. ఇతను రాసింది ఇతని నోటే వినాలని వాళ్లకు అనిపించి, 1960లో స్టేజీ ఎక్కించారు. అతనికి జనం ముందు నిలబడాలంటే వణుకు. పైగా రాస్తే వచ్చేదాంతో పోలిస్తే స్టేజీ మీద వచ్చేది చాలా తక్కువ. ఆర్టిస్టుకి తక్కువైతే మేనేజర్ కమీషనూ తక్కువే కదా! అయినా వాళ్లు వదల్లేదు, అతన్నీ వదలనివ్వలేదు. నాకు ఆ ఓపిక అంటే ప్రాణం.

తర్వాత దశాబ్దాలపాటు అతని సినిమాల మీద వాళ్ల పేర్లు పడ్డాయి. 1978లో ‘యానీ హాల్’కి ఉత్తమ చిత్రం ఆస్కార్ అందుకున్నది జాఫీయే. అయితే ఆ ఆస్కార్ కంటే నాకు పెద్దదిగా కనిపించేది యునైటెడ్ ఆర్టిస్ట్స్ అనే సినిమా కంపెనీతో వాళ్లు కుదుర్చుకున్న ఒప్పందం. బడ్జెట్ చిన్నదిగా ఉంచి, బదులుగా సినిమా మీద పూర్తి స్వేచ్ఛ అతనికే ఉండేలా చూశారు.

ఇక కాంట్రాక్టులు. దేశాన్నిబట్టి రూల్స్ మారతాయి, లాయర్‌ని అడుగు. కాలిఫోర్నియాలోనైతే అవకాశాలు ఇప్పించే పనికి ఏజెంటు లైసెన్సు కావాలి. అది లేకుండా మేనేజర్ ఆ పని చేస్తే, రావలసిన కమీషన్ కూడా పోవచ్చు. ఏజెంటుకి 10 శాతం, మేనేజర్‌కి మామూలుగా 10 నుంచి 15.

మేనేజరే ప్రొడ్యూసర్ అయినప్పుడు అసలు చిక్కు వస్తుంది. 1998లో కమెడియన్ గ్యారీ షాండ్లింగ్ తన మేనేజర్ బ్రాడ్ గ్రే మీద 10 కోట్ల డాలర్లకు దావా వేశాడు. తన షోకి ప్రొడ్యూసర్‌గా కూడా ఉంటూ, ఆర్టిస్టుగా తన ప్రయోజనాలు గ్రే చూడలేదన్నది షాండ్లింగ్ ఆరోపణ. మరుసటి ఏడాది కోర్టు బయట రాజీ అయ్యారు. ఎవరిది తప్పో నేను చెప్పను. నా తప్పు మాత్రం చెబుతాను.

నా రెండో సినిమాలో హీరో నేను మేనేజ్ చేసే కుర్రాడే. క్లైమాక్స్ సీన్ సరిగ్గా రాలేదని, ఇంకో రెండు రోజులు కావాలని అడిగాడు. డబ్బు నాది. కుదరదన్నాను. కాసేపు ఊరుకుని, ‘ఇలాంటప్పుడు నేను మా మేనేజర్‌కి ఫోన్ చేసేవాణ్ని’ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. హాల్లో ఆ సీన్‌కి ఎవరూ నవ్వలేదు. ఏడాది తిరక్కుండా అతను నన్ను వదిలి వెళ్లాడు. అతనిది న్యాయమే.

అప్పటినుంచీ నేను ప్రొడ్యూస్ చేసే సినిమాలో నా ఆర్టిస్టు దగ్గర కమీషన్ తీసుకోవడం లేదు. అతని తరఫున మాట్లాడే లాయర్‌ని అతనే పెట్టుకుంటాడు, ఆ లాయర్ నాకు తెలిసినవాడు కాకూడదు. షూటింగ్ రోజుల విషయంలో గొడవొస్తే మాట చెప్పడానికి ఇద్దరం నమ్మే మూడో మనిషి ఉంటాడు. నువ్వూ ఇలాగే చెయ్యి, మొదటి సినిమా నుంచే.

ఎడిటింగ్ గురించి ఒక్క మాట. ఎడిట్ గదిలో నవ్వొచ్చిందని మురిసిపోకు, అక్కడ అందరికీ ఆ జోకు తెలుసు. కొత్తవాళ్లతో నిండిన హాల్లో చూడు. నవ్వు పెద్దదైతే వెనకే వచ్చే డైలాగు వినపడదు, అక్కడ కాస్త జాగా వదలాలి. నవ్వు రాని చోట అదే జాగా సినిమాను చంపేస్తుంది.

వచ్చే శనివారం నీ కుర్రాడి షో ఉందన్నావు కదా. చివరి వరసలో నీ పక్క సీటు నాకుంచు. నా కాగితం నేను రాస్తాను, నీది నువ్వు రాయి. అతను తిని పడుకున్నాక రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ప్రేమతో,
మామయ్య