దేశాన్ని ప్రేమిస్తే దేవుడి మీద ప్రేమ తగ్గుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. సంఘంలో, అంటే మీ చర్చిలో, "మన పౌరస్థితి పరలోకంలో ఉంది, ఈ లోకపు జెండాలతో మనకేం పని" అంటున్నారు. బయట స్నేహితులేమో "నీకు దేశం ముందా, దేవుడు ముందా" అని నిలదీస్తున్నారు. లోపలా బయటా మీరే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తోంది. దేశమంటే ప్రాణం, ప్రభువంటే అంతకన్నా ప్రాణం, ఈ రెండిటితో ఎలా బతకాలి అని అడిగారు.

మా నాన్న సైన్యంలో పనిచేశారు, సంఘంలో పెద్ద కూడా. యూనిఫాం, బైబిలు రెండూ ఉన్న ఇంట్లో పెరిగాను. ఇప్పుడు మా సంఘంలో విజ్ఞాపన ప్రార్థనలు నడిపించే బాధ్యత నా మీద ఉంది. పాస్టర్‌ని కాను. చూసింది, చదివింది, నమ్మింది రాస్తున్నాను.

ముందు స్నేహితుల ప్రశ్న. దానికి జవాబు దాచకండి. దేవుడే ముందు. తిప్పి తిప్పి చెబితేనే ఎదుటివాళ్లకు అనుమానం పెరుగుతుంది. దేవుడు ముందు అన్నంతమాత్రాన దేశం ఎక్కడో వెనక్కి పోదు. మనస్సాక్షి ఉన్న ఏ మనిషికైనా, అతనిది ఏ మతమైనా, అసలు ఏ మతమూ లేకపోయినా, దేశం పేరు చెప్పి అడిగినా సరే చేయని పనులు కొన్ని ఉంటాయి. పసిపిల్లల మీద చెయ్యెత్తమంటే ఎత్తడు. అబద్ధపు సాక్ష్యం చెప్పమంటే చెప్పడు. అలా ఒక గీత గీసుకున్నవాడి చేతికి దేశాన్ని అప్పగించి నిశ్చింతగా ఉండొచ్చు. మా నాన్నను కూడా తోటివాళ్లు ఇదే అడిగేవారట. "ఎవరూ చూడనప్పుడు కూడా డ్యూటీ సరిగ్గా చేస్తున్నానంటే ఆయన చూస్తున్నాడనే" అని చెప్పేవారు. దాంతో ఆ మాట అక్కడికి ఆగిపోయేది.

ఇక సంఘంలో వినిపించే మాట. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే ఆ వాక్యాన్ని చాలామంది ముందూ వెనకా లేకుండా ఎత్తి చెబుతారు. మన పౌరస్థితి పరలోకంలో ఉందని అపొస్తలుడైన పౌలు రాసింది ఫిలిప్పీ సంఘానికి. ఫిలిప్పీ రోమా వలస పట్టణం. క్రీ.పూ. 42లో అక్కడ జరిగిన యుద్ధం తర్వాత, సైన్యం నుంచి విడుదలైన రోమా సైనికులకు ఆ చుట్టుపక్కల భూములిచ్చి స్థిరపరిచారు. రోమీయులమన్న గర్వం ఆ ఊళ్లో అందరికీ ఉండేది. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చూడండి. పౌలు, సీలల మీద అక్కడివాళ్లు చేసిన ఫిర్యాదే అది: రోమీయులమైన మనం అంగీకరించకూడని ఆచారాలు వీళ్లు ప్రచారం చేస్తున్నారని. విచారణ లేదు, ఏమీ లేదు. వాళ్ల వస్త్రాలు లాగేసి, బెత్తాలతో కొట్టించి, కాళ్లను బొండలో (కొయ్య సంకెలలో) బిగించి చెరసాల్లో పడేశారు.

తెల్లారాక న్యాయాధిపతులు వాళ్లను వదిలేయమని కబురు పంపారు. పౌలు కదల్లేదు. రోమా పౌరులమైన మమ్మల్ని విచారణ లేకుండా అందరి ముందూ కొట్టించి ఇప్పుడు గుట్టుగా పంపించేస్తారా, కుదరదు, వాళ్లే స్వయంగా వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. న్యాయాధిపతులు భయపడిపోయి వచ్చి బతిమాలుకున్నారు.

అదే పౌలు, అదే ఊరివాళ్లకు, తర్వాత రాసిన ఉత్తరంలో పరలోక పౌరస్థితి గురించి రాశాడు. ఈ లోకపు పౌరసత్వం చెత్తబుట్టలో వేయాల్సిందని ఆయన ఉద్దేశమైతే ఆ పొద్దున అలా పట్టుబట్టేవాడే కాదు. యెరూషలేములో కొరడాలతో కొట్టబోతుంటే శతాధిపతికి మళ్లీ అదే పౌరసత్వం గుర్తుచేశాడు. రోమా అధిపతి ఫేస్తు ముందు నిలబడి కైసరుకే, అంటే రోమా చక్రవర్తికే, అప్పీలు చేసుకున్నాడు. చట్టం తనకిచ్చిన హక్కును వాడుకున్నాడు, ఆ చట్టాన్ని నిలబెట్టాల్సినవాళ్ల చేత దాన్ని పాటింపజేశాడు. పరలోకపు పౌరుడు భూమ్మీద ఎలాంటి పౌరుడిగా ఉంటాడో నాకు ఇక్కడ కనబడినంత స్పష్టంగా ఇంకెక్కడా కనబడలేదు. మీ దగ్గర ఎవరైనా ఆ వచనం ఎత్తితే, దాంతోపాటు ఈ 16వ అధ్యాయం కూడా చదువుదామని వినయంగా అడగండి.

బబులోనుకు చెరగా పోయినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం (29వ అధ్యాయం) మీకు తెలిసే ఉంటుంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమాన్ని కోరండి, దాని కోసం ప్రార్థించండి అన్నాడు. పట్టుకుపోయినవాళ్ల పట్టణం కోసమే అలా చేయమంటే, కన్న దేశం సంగతి వేరే చెప్పాలా? పౌలైతే తన స్వజనమైన యూదుల కోసం తానే క్రీస్తుకు దూరమైనా ఫరవాలేదు అనుకునేంత వేదన పడ్డాడు. రోమా పత్రిక 9వ అధ్యాయం మొదట్లోనే ఉంది.

యేసు యెరూషలేమును చూసి ఏడ్చాడు. లూకా 19వ అధ్యాయంలో ఆ కన్నీళ్ల వెంటనే ఏముందో గమనించారా? నేరుగా దేవాలయంలోకి వెళ్లి అమ్మకాలు చేసేవాళ్లను వెళ్లగొట్టాడు. ఏడ్చిందీ ఆయనే, తప్పును తప్పన్నదీ ఆయనే. దేశంలో జరిగే అన్యాయం గురించి మాట్లాడితే దేశం మీద ప్రేమ లేదనేవాళ్లు మీకు తగులుతారు. అమ్మ ఆరోగ్యం బాగాలేదని డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పే కొడుకును పట్టుకుని నీకు అమ్మంటే ప్రేమ లేదని ఎవరైనా అంటారా?

అయితే ఒక ప్రమాదం నిజంగానే ఉంది. దేశం ప్రేమతో ఆగకుండా ఆరాధన కూడా అడగడం మొదలుపెడుతుంది చూడండి, అక్కడ విశ్వాసి ఆగాలి. మొదటి శతాబ్దాల విశ్వాసులు పన్నులు కట్టారు, పాలకుల కోసం ప్రార్థించారు, చక్రవర్తి విగ్రహం ముందు ధూపం వేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. స్ముర్న సంఘపు బిషప్ పొలికార్పు బాగా వృద్ధుడు. కైసరు పేరున ప్రమాణం చేసి క్రీస్తును దూషిస్తే వదిలేస్తామన్నారు. చేయలేదు, ప్రాణమిచ్చాడు.

ఆధునిక కాలంలో జర్మనీ కథ ప్రతి విశ్వాసీ తెలుసుకోవాలి. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాక "జర్మన్ క్రైస్తవులు" అనే వర్గం చర్చిలోకి స్వస్తికను తెచ్చింది. యూదు వంశంలో పుట్టిన పాస్టర్లను సేవ నుంచి తొలగించాలంది. వాళ్లలో కొందరు పాత నిబంధననే పక్కన పెట్టాలన్నారు. వాళ్లంతా ఆదివారం గుడికి వచ్చేవాళ్లే, పాటలు పాడేవాళ్లే. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది. దానికి ఎదురుగా 1934 మేలో బార్మెన్ పట్టణంలో కూడినవాళ్లు, ఎక్కువభాగం వేదాంతి కార్ల్ బార్త్ రాసిన ఒక ప్రకటన చేశారు. సంఘం వినాల్సిందీ లోబడాల్సిందీ యేసుక్రీస్తు ఒక్కడికే అన్నది దాని సారం. గొప్ప ప్రకటనే. కానీ యూదులకు జరుగుతున్న హింస గురించి అందులో ఒక్క మాట లేదు. యుద్ధం ముగిశాక, 1945 అక్టోబరులో, ఆ దేశపు ప్రొటెస్టెంట్ చర్చి నాయకులు స్టుట్‌గార్ట్‌లో సమావేశమై, తాము ఇంకా ధైర్యంగా నిలబడి ఉండాల్సిందని ఒప్పుకున్నారు.

ఆ రోజుల్లోనే డీట్రిచ్ బోన్‌హోఫర్ అనే జర్మన్ పాస్టర్ ఉన్నాడు. 1939 జూన్‌లో ఆయన న్యూయార్క్ చేరుకున్నాడు. అక్కడే ఉండిపోతే క్షేమం, పని కూడా సిద్ధంగా ఉంది. నెల తిరక్కుండానే వెనక్కి బయల్దేరాడు. తన ప్రజలతో కలిసి ఈ శ్రమను పంచుకోకపోతే, రేపు యుద్ధం తర్వాత అక్కడ క్రైస్తవ జీవితాన్ని తిరిగి కట్టే హక్కు నాకుండదు అన్నది ఆయన చెప్పిన కారణం. తన దేశం ఓడిపోవాలని కోరుకోవాల్సిన పరిస్థితి అని తెలిసి కూడా ఆ దేశానికే వెళ్లాడు. 1943 ఏప్రిల్‌లో అరెస్టయ్యాడు, 1945 ఏప్రిల్ 9న ఉరితీశారు. దేశాన్ని ప్రేమించడం అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఆయన తిరుగు ప్రయాణం గురించే.

మా సంఘంలో జరిగినది ఒకటి చెప్పాలి. సరిహద్దులో కాల్పులు జరుగుతున్న రోజులవి. అందరిలోనూ టెన్షన్. ప్రార్థన అంశాలు చీటీల మీద రాసి నాకిచ్చేవారు. శత్రువు సర్వనాశనం కావాలని ప్రార్థించమని ఆ వారం ఒక చీటీ వచ్చింది. దాన్ని ఎలా చదవాలా అని ఆలోచిస్తుండగా ఒక అక్క లేచి నేను ప్రార్థన చేస్తానంది. ఆమె కొడుకు అక్కడే, సరిహద్దులో ఉన్నాడు. ఆరాధన మొదలైనప్పటి నుంచీ ఫోన్ ఒళ్లో పెట్టుకుని స్క్రీన్ ఆరిపోయినప్పుడల్లా వేలితో తాకుతూనే ఉంది. "ప్రభువా, నా బిడ్డను కాపాడు. వాడు వెనకడుగు వేయకూడదు. వాడి చేతికి అమాయకుల రక్తం అంటకూడదు. అవతల కూడా నాలాగే ఒక తల్లి ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంటుంది, ఆమెకూ ధైర్యమివ్వు" అంది. ముందుగా ఆమెన్ అన్నది మా నాన్న. ఆ గదిలో దేశం కోసం ఆమె కంటే ఎక్కువ ఇచ్చినవాళ్లు ఎవరూ లేరు. అయినా ఆమె నోట ద్వేషం రాలేదు. దేశాన్ని ప్రేమించాలంటే ఇంకొకరిని ద్వేషించాలనే మాటను నేను ఆ తర్వాత ఎవరు చెప్పినా నమ్మలేదు.

రోజువారీగా ఏం చేయాలి అంటారా, అందులో పెద్ద రహస్యం లేదు. పన్ను ఎగ్గొట్టకండి. ఓటు వేయండి. ద్వేషం నింపే మెసేజీలు, మీ వైపువాళ్లు పంపినవైనా సరే, ముందుకు పంపకండి. పాలకుల కోసం పేరు పెట్టి ప్రార్థించండి, మీరు ఓటు వేయనివాళ్ల కోసం కూడా. ఇది మాత్రం కష్టం. కొన్ని పేర్లు నోటి దాకా వచ్చి ఆగిపోతాయి. అయినా చేయండి. పౌలు తిమోతికి రాజుల కోసం ప్రార్థించమని రాసిన కాలంలో సింహాసనం మీద ఉన్నది విశ్వాసి కాడు.

జాతీయ గీతం దగ్గర ఏం చేయాలని కూడా అడిగారు. నేను లేచి నిలబడతాను, గొంతెత్తి పాడతాను, సంతోషంగా. గౌరవం వేరు, ఆరాధన వేరు, ఆ తేడా నా మనసుకు తెలుసు. మనస్సాక్షి ఒప్పుకోక పాడనివాళ్లూ ఉన్నారు. యెహోవా సాక్షుల సిద్ధాంతాలు చాలావాటితో నేను ఏకీభవించను, కానీ వాళ్ల పిల్లల విషయంలో రెండు దేశాల న్యాయస్థానాలు ఇచ్చిన తీర్పులు గుర్తుపెట్టుకోవాలి. అమెరికా సుప్రీంకోర్టు మూడేళ్ల ముందు తానే ఇచ్చిన తీర్పును మార్చుకుని, 1943లో, ప్రపంచయుద్ధం నడుస్తుండగానే, పిల్లల చేత బలవంతంగా జెండా వందనం చేయించకూడదంది. మన సుప్రీంకోర్టు 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో, గీతం వస్తున్నప్పుడు గౌరవంగా నిలబడిన పిల్లలు పాడనంతమాత్రాన అగౌరవపరిచినట్టు కాదంది. కాబట్టి పక్కవాడు పాడలేదని ద్రోహి అనకండి, పాడాడని విగ్రహారాధికుడు అనకండి.

చర్చిలో జెండా పెట్టొచ్చా అన్నదాని మీద నా అభిప్రాయం ఇది: ఆవరణలో ఎగరేయండి, జాతీయ దినాల్లో అందరూ కలిసి వందనం చేయండి. రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల పక్కన మాత్రం వద్దు. ఆ బల్ల దగ్గరికి వేరే దేశం విశ్వాసి వస్తే అతనిది కూడా మనతో సమానమైన చోటే కావాలి. మీ పెద్దలు మరోలా నిర్ణయిస్తే దాని కోసం సంఘాన్ని చీల్చకండి, అది అంత విలువైన గొడవ కాదు. ఈ విషయం ఎత్తేముందు పెద్దలతో విడిగా కూర్చుని మాట్లాడండి. అందరి ముందూ వాదనకు దిగితే ఎవరి మాట మీద వాళ్లు బిగుసుకుంటారు. మొదట ఒక్కటే అడగండి: ప్రతి ఆదివారం దేశం కోసం రెండు నిమిషాలు ప్రార్థన. మా దగ్గర జెండా విషయంలో గట్టిగా అడ్డం తిరిగినవాళ్లు కూడా దీనికి వెంటనే ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ ప్రార్థన ఎక్కువగా చేసేదీ వాళ్లే.