కొత్త ల్యాప్‌టాప్ తెర మూలల్లో వెలుగు కారుతుంటే "అలవాటవుతుంది" అన్న మాటకు తలూపాలా?

మీ ప్రశ్నలో మూడు ఇబ్బందులు కలిసిపోయి ఉన్నాయి. చీకటి గదిలో తెర కింది మూలల్లో పసుపు వెలుగు, బ్యాటరీ మీద ఉన్నప్పుడు తెర తనంతట తాను మసకబారడం, సాయంత్రానికి కళ్ళు లాగడం. లక్షన్నర పెట్టి పని కోసం కొన్న యంత్రం కాబట్టి మూడూ ఒకే లోపంలా కనిపించడం సహజం. కావలిలో మీకు అమ్మిన షాపువారు "ఈ రకం తెరలన్నీ ఇంతే, అలవాటవుతుంది" అన్నారని రాశారు. దయచేసి ఆ మాటకు తలూపకండి. అయితే ఈ మూడింటిలో ఒకటి సెట్టింగు కావచ్చు, ఒకటి ఆ తెర స్వభావం కావచ్చు, మార్చి ఇవ్వాల్సిన లోపం ఒక్కటే కావచ్చు. ఏది ఏదో తేల్చుకున్నాకే వాళ్ళతో మాట్లాడండి. షాపు మార్పిడి గడువు చాలా చిన్నది కాబట్టి ఆ పని ఈ రోజే మొదలుపెట్టండి.

నేను ఒంగోలులో ఉంటాను. చీమకుర్తి గ్రానైట్ ఎగుమతిదారులకు స్లాబుల ఫొటోలు సరిచేసి కేటలాగులు తయారుచేయడం నా పని. బ్లాక్ గెలాక్సీ తెలుసు కదా, నల్లటి రాయిలో బంగారు రంగు చుక్కలు. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. వాటి రంగు, అవి ఎంత దట్టంగా ఉన్నాయో చూసే ఎక్కడో సముద్రాల అవతల కొనుగోలుదారు సరుకును ఒప్పుకుంటాడు. తెర నలుపును బూడిదరంగుగా చూపిస్తే రాయి నాణ్యత నాకే తప్పుగా తెలుస్తుంది. వెలిగిపోయి ఆరని పిక్సెల్ ఒక్కటి ఉన్నా అది రాతి చుక్కో తెర చుక్కో పోల్చుకోలేను. అందుకే నా కొత్త ల్యాప్‌టాప్‌కు ఎడమ కింది మూలలో వెలుగు కనిపించినప్పుడు దాన్ని వదిలిపెట్టలేదు.

ముందుగా మసకబారడం సంగతి చూడండి, ఎందుకంటే ఇది చాలావరకు ఉచితంగా పోతుంది. ఛార్జర్ తీసి, నల్లటి విండో ఒకటి, తెల్లటి కాగితంలాంటి పేజీ ఒకటి మార్చి మార్చి తెరవండి. ఒకటి రెండు సెకన్లలో వెలుతురు మెల్లగా పెరిగి తగ్గుతుంటే అది బ్యాటరీ ఆదా కోసం పెట్టిన ఏర్పాటు. విండోస్ 11లో డిస్‌ప్లే సెట్టింగుల్లో బ్రైట్‌నెస్ దగ్గర, తెర మీది బొమ్మను బట్టి వెలుతురు మార్చే ఐచ్ఛికం ఉంటుంది, దాన్ని ఆపేయండి. ఇంటెల్ గ్రాఫిక్స్ అయితే దాని సొంత యాప్‌లో పవర్ విభాగంలో డిస్‌ప్లే పవర్ సేవింగ్ అని ఉంటుంది. ఏఎండీ అయితే వేరీబ్రైట్ అంటారు. విండోస్‌లోనూ గ్రాఫిక్స్ యాప్‌లోనూ, రెండు చోట్లా ఆపాలి, ఒకచోట ఆపి ఊరుకుంటే రెండోది పనిచేస్తూనే ఉంటుంది. రంగులతో పని ఉన్నవాళ్ళకు ఇది నిజంగా హాని చేసే సెట్టింగు. కొత్త యంత్రాల్లో దీన్ని ముందే ఆన్ చేసి పంపడం నాకు బొత్తిగా నచ్చదు.

మూలల్లో వెలుగు అసలు విషయం. ఐపీఎస్ అనేది చాలా ల్యాప్‌టాపుల్లో వాడే ఎల్‌సీడీ తెర రకం. దాని వెనక, సాధారణంగా కింది అంచున, ఎల్‌ఈడీల పట్టీ ఉంటుంది. చట్రం ఒకచోట ఎక్కువగా నొక్కుకుంటే ఆ వెలుతురు అక్కడ బయటికి కారుతుంది. ఇది లోపం. ఐపీఎస్ గ్లో అనేది వేరే. పక్కనుంచి చూసినప్పుడు మూలలు తెల్లగానో పసుపుగానో మెరవడం ఆ సాంకేతికతలోనే ఉంది, ప్యానెల్ (తెర భాగం) మార్చినా మళ్ళీ వస్తుంది. రెండింటినీ విడదీయడం తేలిక. రాత్రి లైట్లు ఆర్పి పూర్తి నల్లటి బొమ్మను తెరనిండా పెట్టండి. తల అటూ ఇటూ జరపండి, తరవాత రెండు మీటర్లు వెనక్కి వెళ్ళి నేరుగా చూడండి. మీతోపాటు వెలుగూ జరిగి, దూరం వెళ్ళేసరికి తగ్గిపోతే గ్లో. ఎక్కడినుంచి చూసినా అదే చోట, అదే ఆకారంలో ఉంటే వెలుగు కారుతున్నట్టే. ఫోటో తీసేటప్పుడు ఫోను కెమెరాను ఆటోలో వదలకండి. చీకట్లో అది వెలుగును ఎన్నో రెట్లు పెంచి చూపుతుంది, సర్వీసు వాళ్ళు ఆ ఫోటోను కొట్టిపారేస్తారు. ప్రో మోడ్‌లో కంటికి కనిపించినంతే పడేలా ఎక్స్‌పోజరు తగ్గించి తీయండి.

ఇంకో రెండు పరీక్షలు చేసి పెట్టుకుంటే వాదన సగం అయిపోతుంది. మరక గానీ గీత గానీ కనిపిస్తున్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి దాన్ని ఫోనులో చూడండి. అందులో లేకపోతే తప్పు విండోస్‌ది కాదు. బయాస్ తెరలో, అంటే విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగుల తెరలో, కూడా అదే మరక ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌దీ కాదు. అప్పుడు "ఫార్మాట్ చేసి చూద్దాం" అనే మాటకు తావుండదు. సర్వీసు వాళ్ళు నాకు ఫోనులో అదే చెప్పబోయారు. ఈ రెండు ఫోటోలూ పంపాక మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

కళ్ళు లాగడానికి కారణం ఒక్కటే ఉండదు. చాలా తెరలు, ముఖ్యంగా ఓఎల్ఈడీలు (ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలిగే తెరలు), వెలుతురు తగ్గించడానికి కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి. కొన్నిటిలో ఆ వేగం సెకనుకు 240 సార్లే. అందరికీ ఇబ్బంది ఉండదు గానీ, పడనివాళ్ళకు తలనొప్పి వస్తుంది. తెల్ల పేజీ పెట్టి, బ్రైట్‌నెస్ బాగా తగ్గించి, ఫోను కెమెరా షట్టరు వెయ్యోవంతు సెకనుకు పెట్టి చూడండి. నల్లటి అడ్డపట్టీలు కదులుతుంటే అదే. బ్రైట్‌నెస్ పెంచితే చాలా తెరల్లో ఇది తగ్గుతుంది. పట్టీలు లేకపోతే అక్షరాల పరిమాణం చూడండి. 14 అంగుళాల తెర మీద 4కె పెట్టుకుని స్కేలింగు 100 శాతంలో ఉంచితే ఎవరి కళ్ళయినా అలసిపోతాయి.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. పని ల్యాప్‌టాపుల్లో ధరలో ఎక్కువ భాగం ప్రాసెసర్‌కు, గట్టి బాడీకి, వారంటీకి పోతుంది. ఒకే మోడల్‌ను రెండు మూడు రకాల తెరలతో అమ్ముతారు. మీ బిల్లులోనో పెట్టె మీదో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత) అని ఉంటే రంగులు పాలిపోవడం లోపం కిందికి రాదు, అది ఆ తెర తరగతి. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ దాదాపు పూర్తి ఎస్‌ఆర్‌జీబీకి, అంటే వెబ్‌లో, ఫొటోల్లో మామూలుగా వాడే రంగుల శ్రేణికి, సమానం. దాన్ని చూసి కొని ఉంటే మాత్రం రాసినది మీకు అందాలి.

డివైస్ మేనేజర్‌లో మానిటర్ హార్డ్‌వేర్ ఐడీ చూసి రాసిపెట్టుకోండి. మొదటి మూడు అక్షరాలు తయారీదారును చెబుతాయి: ఎల్‌జీడీ అంటే ఎల్‌జీ డిస్‌ప్లే, సీఎంఎన్ అంటే ఇన్నోలక్స్; బీఓఈ, ఏయూఓ అయితే అవే కంపెనీల పేర్లు. ఇది నాకు ఎంత పనికొచ్చిందో చెప్పలేను. ఆన్‌సైట్ వారంటీ కింద ఇంజినీరు ఇంటికి వచ్చి ప్యానెల్ మార్చారు. వెలుగు కారడం పోయింది, సంతోషించాను. కానీ స్లాబు ఫొటోలో బంగారు చుక్కలు గోధుమరంగులోకి దిగిపోయాయి. ఐడీ చూస్తే వేరే ప్యానెల్, కింది తరగతిది. జాబ్ షీటు (చేసిన మరమ్మతు రాసే సర్వీసు కాగితం) మీద పాత కోడ్, కొత్త కోడ్ రెండూ రాయించి, "కొన్నప్పటి తరగతి ప్యానెల్ రాలేదు" అని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం చూపాకే సరైన ప్యానెల్ తెప్పించారు. ఆ ఇంజినీరు మర్యాదస్తుడు, ఆయన చేతిలో పెట్టిన భాగాన్నే ఆయన బిగించారు. తప్పు పంపినవాళ్ళది.

పిక్సెళ్ళ విషయంలో కంపెనీలు ఐఎస్‌ఓ 9241-307 ప్రమాణాన్ని ముందు పెడతాయి. పది లక్షల పిక్సెళ్ళకు ఇన్ని చెడిపోవచ్చని అందులో తరగతులు ఉన్నాయి. మీ కంపెనీ వారంటీ పత్రంలో ఏ తరగతి రాశారో చదవండి. వెలుగు కారడానికి మాత్రం అలాంటి లెక్క ఏదీ చూపించకుండా "మామూలే" అంటుంటే, ఆ మాటను ఈమెయిల్‌లో రాసి ఇమ్మనండి.

షాపు గడువులో ఉంటే సర్వీసు సెంటర్ నుంచి డీఓఏ పత్రం, అంటే సరుకు చేతికందేసరికే లోపం ఉందని ధ్రువీకరించేది, తీసుకుంటే ప్యానెల్ కాకుండా మొత్తం యంత్రాన్నే మార్చమని అడగవచ్చు. గడువు దాటినా దారి మూసుకుపోదు. 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయండి. అక్కడా తేలకపోతే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. కావలివాళ్ళకు నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా సరే. చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ళ గడువు ఉంటుంది. ఒక్క జాగ్రత్త: వ్యాపారం కోసం కొన్న వస్తువుకు ఈ చట్టం వర్తించదు, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నదానికి వర్తిస్తుంది. బిల్లు మీ పేరున ఉందా, సంస్థ జీఎస్టీ నంబరుతో ఉందా చూసుకోండి. సంస్థ పేరున ఉంటే ఎదుటివాళ్ళు ఆ మెలిక పట్టుకుంటారు.

నల్ల తెర ఫోటో, ప్యానెల్ ఐడీ, బిల్లు తేదీ ఇక్కడ పెట్టండి అండీ, అది గ్లోనో కారడమో చూసి చెబుతాను. సీరియల్ నంబరు మాత్రం చెరిపేసి పెట్టండి.