ఎలక్ట్రిక్ కారు కొనేముందు గోడకున్న ప్లగ్ చూడు తమ్మీ

తమ్మీ, కాజీపేట నుంచి డాలస్ వచ్చి మూడు నెలలు కాకముందే పాత ఎలక్ట్రిక్ కారు బేరం పెట్టావంట, సంతోషం. ఇంట్లో చార్జింగ్‌కు ఎంత టైం, ఎంత ఖర్చు అని అడిగావు. ఈ లెక్క నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నా.

మా హన్మకొండ ఇంట్లో గీజర్ ప్లగ్ 3 కిలోవాట్ల దాకా ఇస్తుంది. ఇక్కడ అమెరికాలో మామూలు ప్లగ్‌లో వచ్చేది 120 వోల్టులే, కారుకు దక్కేది 1.4 కిలోవాట్లు. అది తెలియక రాత్రంతా పెట్టి పడుకున్నా. పది గంటలకు ఎక్కింది 12 యూనిట్లు, అంటే 40 మైళ్లు. నా ఆఫీసు రానుపోను 56.

పైగా వైరు అందడం లేదని సన్నటి ఎక్స్‌టెన్షన్ తెచ్చా. మూడో రోజు పొద్దున తీయబోతే చెయ్యి చురుక్కుమంది. పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, మెత్తబడి, నా వేలిముద్ర దిగింది. దాని పక్కనే మా పాప సైకిల్. ఆ పని నువ్వు మాత్రం చేయకు.

ఆ భయంతో నాలుగు నెలలు హైవే మీది ఫాస్ట్ చార్జర్‌కే పోయా. అక్కడ యూనిట్ 48 సెంట్లు, ఇంట్లో 16. నెలకు వెయ్యి మైళ్లకు 140 డాలర్లు కట్టా. ఇంట్లో అయితే 50. నాలుగు నెలల్లో పోయింది 360, మన ముప్పై వేల పైమాట. అప్పటికి బాపు కంటి ఆపరేషన్ అప్పు ఇంకా తీరలేదు. ఆ ముప్పై వేలు ఇప్పటికీ మనసులో మెదులుతాయి.

తర్వాత 240 వోల్టుల లైను వేయించా. మొదటి ఎలక్ట్రీషియన్ 1,800 అడిగాడు. ఇంకో ఇద్దరిని పిలిచి 900కి చేయించా. 40 ఆంప్ బ్రేకర్ (కరెంటు ఎక్కువైతే ఆపేసే స్విచ్), 32 ఆంప్ చార్జర్. 60 యూనిట్ల బ్యాటరీ 20 శాతం నుంచి 80కి ఐదు గంటల పైచిలుకు, ఖర్చు ఆరున్నర డాలర్లు. ఆరేళ్లుగా ఒక్క ఇబ్బంది లేదు. ఇలాంటి లైనుకు పర్మిట్ సంగతి సిటీ వెబ్‌సైట్‌లో ఉంటుంది, చూసుకో.

మీ వయసు పిల్లలు స్క్రీన్ సైజు చూస్తారు, కరెంటు బిల్లు చూడరు. నీ ఆఫీసు రానుపోను 25 మైళ్లే అన్నావు కాబట్టి గోడ ప్లగ్ చాలు, ఆ 900 ఇంటికి పంపు. అద్దె ఇల్లు కదా, ఓనర్‌ను ముందే అడుగు. కారుకు అడ్వాన్స్ ఇచ్చేలోపు గరాజ్ ప్లగ్, బ్రేకర్ ప్యానెల్ ఫోటోలు నాకు పంపు, చూసి చెప్తా.